సద్యానికి తేట నీళ్ళు

నల్లబండపల్లిలో హనుమక్క బావి నీళ్ళకు పేరుండేది. చింతామణి నుంచి బాగేపల్లికి పోయే బస్సు ఆ ఊళ్ళో ఆగితే డ్రైవరు కూడా దిగి, "హనుమక్కా, ఒక చెంబు" అని అడిగి తాగి పోయేవాడు. ఆ నీళ్ళలో కందిపప్పు వేస్తే పొయ్యిలో పెట్టిన పుల్ల కాలేలోగా మెత్తబడుతుందని వీధిలో ఆడవాళ్ళు గొప్పలు చెప్పుకునేవాళ్ళు. అట్లాంటి బావి కొద్దికొద్దిగా చెడిపోతా వచ్చింది. చెడగొట్టింది ఎవరో కాదు, ఆ వీధిలో అందరికన్నా మెత్తని మనిషి, సబ్బుల రామాంజినప్ప. తాను చెడగొడతాండానని ఆయనకు తెలియదు. పైగా సర్కారు చెప్పినట్లే నడుచుకుంటాండానని నమ్మకం కూడా ఉండేది.

రామాంజినప్పది పరగోడు అనే ఊరు. నలుగురు అన్నదమ్ముల్లో మూడోవాడు. వానను నమ్ముకున్న చేను నలుగురికి పంచితే గట్లు తప్ప ఏమీ మిగిలేటట్టు లేదు. అందుకని మీసం రాకముందే బెంగళూరుకు పోయి ఒక సబ్బుల బట్టీలో కూలికి చేరినాడు. కట్టెలు ఎగదోసేవాడిగా మొదలై, గంగాళం కలిపేవాడై, చివరికి సబ్బు ఉడికిందో లేదో చెప్పేవాడైనాడు. ఆ మాట చెప్పేది కంటితో కాదు, నాలుకతో. గరిటెకు అంటిన ముద్దను చల్లారనిచ్చి నాలుక కొనకు తాకిస్తారు. చురుక్కుమంటే కాస్టిక్ సోడా ఇంకా నూనెలో ఇమడలేదని. చప్పగా ఉంటే ఇమిడిందని. రామాంజినప్ప నాలుక ఆ పనిలో బాగా ఆరితేరింది. పెండ్లాం రామలక్ష్మమ్మ చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, "నా నాలుకను ఇంటి పనికి పిలవొద్దే, అది బట్టీలో జీతగాడు" అనేవాడు.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేండ్లకు, ఒకరి కింద చేసింది చాలనిపించి, రామలక్ష్మమ్మను తీసుకుని ఈ పక్కకే వచ్చేసినాడు. నల్లబండపల్లి చుట్టూ కానుగ చెట్లు విస్తారం. కానుగ నూనెతో బట్టల సబ్బు చేస్తే చింతామణి అంగళ్ళలో పోతుందని ఆయన లెక్క. బట్టీ పెట్టేదానికి చోటు కావాల్సి వచ్చింది. హనుమక్క ఇంటి వెనకాల పశువుల కొట్టం ఒకటి ఖాళీగా ఉండాదని ఎవరో చెప్పినారు.

హనుమక్క భూమీ పుట్రా ఉన్న ఇంటికి పెద్ద. మొగుడు పోయినా పెత్తనం పోలేదు. ఆయమ్మకు తెలియని సంగతి ఒకటి వీధిలో ఉండాదంటే ఆ పూట సంగటి గొంతు దిగదు. కొట్టం ఇచ్చేముందు రామాంజినప్పను అరుగు మీద కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

"సబ్బు దేంతో చేస్తావప్పా?"

"నూనెతో అక్కా."

"నూనె జిడ్డు కదా. జిడ్డుతో జిడ్డు ఎట్ల పోతాది?"

"సోడా కలుపుతామక్కా."

"సోడా అంటే బుడ్డిలో గోలీ వేసి అమ్ముతారే, అదా?"

"అయ్యో కాదు. ఇది తాగితే పేగులు తెగిపోతాయి."

"అట్లాంటిది నా కొట్టంలో పెడతానంటావా? నూనెలో పడినంక దాని పొగరు యాడికి పోతాది?"

"దాని పొగరును నూనె అణుస్తుంది. నూనె జిడ్డును అది అణుస్తుంది. రెండూ కలిసి సబ్బవుతాయి."

"మొగుడూ పెండ్లాం మాదిరి అను." హనుమక్క నవ్వి, తాళం చెవి కొంగు ముడి విప్పి ఇచ్చింది. "కొట్టం వాడుకో. నీళ్ళు నా బావిలోనే తోడుకో. వీధికంతా అదే బావి, నీకు మాత్రం వేరే యాడుండాది?"

అట్ల మొదలైంది బట్టీ. పెద్ద ఇనుప గంగాళంలో నూనే సోడా నీళ్ళూ పోసి ఉడికిస్తే గంజి మాదిరి చిక్కబడుతుంది. అప్పుడు దోసిళ్ళతో ఉప్పు చల్లాల. ఉప్పు పడగానే సబ్బు విరిగిన పాల మాదిరి విడిపోయి పైకి తేలుతుంది. కింద నీళ్ళు మిగులుతాయి. పైనుండే సబ్బును చెక్క అచ్చుల్లో పోసి, ఆరినాక తీగతో కోస్తే కడ్డీలు తయారు. కింద మిగిలిన నీళ్ళు నల్లగా, జిగురుగా, కానుగ కంపు కొడతా ఉంటాయి. వాటిని కొట్టం పక్కనుండే మోరీలోకి వదిలేసేవాడు. ఆ మోరీ బావికి అవతలి పక్కగా పోయి, వీధి చివర పల్లంలో ఇంకిపోతుంది. బెంగళూరులో కూడా మోరీకే వదిలేవాళ్ళు. అది యాడికి పోతుందని అక్కడెవరూ అడగలేదు, ఆయనా అడగలేదు.

మొదటి ఎండాకాలంలోనే వీధి ముక్కు మూసుకునింది. జట్కాబండి తోలే పాపన్న పొద్దున్నే కొట్టం ముందు నిలబడి, "రామాంజీ, నీ సబ్బుతో వాసన పోతుందంటివే, ఈ వాసన పోయేదానికి ఏం రుద్దాల?" అని ఎకసెక్కం చేసేవాడు. మాట పంచాయితీకి పోయింది. పంచాయితీ నుంచి తాలూకాకు పోయింది. ఒక రోజు హెల్తు ఇన్‌స్పెక్టరు తిమ్మరాయప్ప సైకిలు మీద వచ్చినాడు.

తిమ్మరాయప్ప కసిరే మనిషి కాదు. తలకు గుడ్డ చుట్టుకుని, మోరీ వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూసినాడు. ఆ రోజుల్లో దోమల మందు కొట్టేవాళ్ళు ఊరూరా తిరుగుతా, గోడల మీద తేదీలు రాసి పోయేవాళ్ళు. ఆయన ఉద్యోగమంతా దోమ చుట్టూనే. కొట్టంలోకి వచ్చి, రామలక్ష్మమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, సర్కారు కాయిదా ఏమిటో చెప్పినాడు. ఊరవతల, బావులకు దూరంగా, సిమెంటు చేసిన గుంత కట్టాల. బట్టీ నీళ్ళన్నీ దాంట్లోకే పోవాల.

"ఎందుకు సార్ సిమెంటు?" అన్నాడు రామాంజినప్ప.

"కంపు రాకూడదప్పా. దోమలు గుడ్లు పెట్టకూడదు. అంతే."

అంతే అనే ఆ మాటను రామాంజినప్ప గట్టిగా పట్టుకున్నాడు. కంపు, దోమ. ఈ రెండూ లేకుండా చేస్తే కాయిదా ప్రకారం నడిచినట్లేనని ఆయన మనసులో పడిపోయింది.

సిమెంటు మాత్రం అప్పుడు అంగడికి పోయి అడిగితే వచ్చే వస్తువు కాదు. పర్మిటు కావాల. పర్మిటు కోసం అర్జీ పెట్టుకున్నాడు. గుంత తవ్వేదానికి ఊరవతల చోటు కావాలని పంచాయితీని అడిగినాడు. సిమెంటు తెచ్చుకో, చోటు చూపిస్తామన్నారు వాళ్ళు. సిమెంటు ఆఫీసులో, గుంత యాడ కడతావో చూపించు, పర్మిటు ఇస్తామన్నారు. ఆ ఆఫీసుకూ ఈ ఆఫీసుకూ తిరిగి తిరిగి చెప్పులు అరిగినాయి గానీ గుంత పడలేదు.

ఈ లోపల ఒక మధ్యాన్నం రామలక్ష్మమ్మ బస్సారు అనే చారు చేస్తా ఉండింది. ఆకూ, గింజలూ ఉడికించి, కుండ వంచి, పైనుండే తేటను వేరే గిన్నెలోకి వంపుతాంది. అడుగున ముద్ద కదలకుండా, సన్నని ధారగా. రామాంజినప్ప గడపలో కూర్చుని అది చూసినాడు. చూసి, తినకుండానే లేచి కొట్టంలోకి పోయినాడు.

"ఏందిది, అన్నం ముందర నుంచి లేస్తావు?" అని ఆమె అరిచింది.

"నీ బస్సారే, నీ బస్సారే" అన్నాడు అక్కడి నుంచి.

వరసగా రాతి తొట్లు పెట్టించినాడు. మొదటి తొట్టిలో బట్టీ నీళ్ళు పోసి కొంచెం సున్నం కలిపి నిలవనిస్తాడు. మడ్డి అడుగుకు దిగుతుంది. పైనుండే తేటను రెండో తొట్టిలోకి వంపుతాడు. దాంట్లో ఇసుక, బొగ్గు. మూడో తొట్టిలోకి వచ్చేటప్పటికి ఆ నల్లటి జిగురు నీళ్ళు టెంకాయ నీళ్ళ మాదిరి అయినాయి. అడుగున పెట్టిన నాణెం మీది బొమ్మ పైకి కనబడుతుంది. కంపు లేదు. మడ్డిని ఎత్తి దిబ్బలో వేసినాడు, తేటను మోరీకి వదిలినాడు.

మళ్ళీ వచ్చిన తిమ్మరాయప్ప ఆశ్చర్యపోయినాడు. గరిటె ముంచి తీసి, ఎండకు పట్టి, దోమ పురుగు ఉండాదా అని ఎగాదిగా చూసినాడు. ఒక్కటీ లేదు. ఊళ్ళో మిగతా మోరీలన్నీ పురుగులతో లుకలుకలాడతాంటే ఇది మాత్రం కడిగిన అద్దం మాదిరి ఉండాది. వాసన చూసినాడు. అదీ లేదు. ఆయనకు సంతోషమయింది.

"సిమెంటు గుంత సంగతి తరువాత చూద్దాం. సద్యక్కె తిళి నీరు బిడి, సాకు" అన్నాడు. కన్నడంలో, సద్యానికి, అంటే ఇప్పటి మట్టుకు, తేట నీళ్ళు వదులు, చాలు అని.

ఆ సద్యానికి అనే మాట ఎంత పొడుగ్గా సాగిందో ఎవరూ చూసుకోలేదు. వచ్చినప్పుడల్లా తిమ్మరాయప్ప గరిటె ముంచేవాడు, పురుగు లేదనేవాడు, సిమెంటు వచ్చిందా అనేవాడు. లేదంటే, సద్యానికి ఇట్లే కానీ అనేవాడు. పక్క ఊరి పంచాయితీ వాళ్ళు వస్తే వాళ్ళను కూడా పిలుచుకొచ్చి, "చూడండి, నీటుగా పెట్టుకునే మనిషి" అని చూపించేవాడు. రామాంజినప్ప కొత్త పంచె కట్టుకుని తొట్ల పక్కన నిలబడేవాడు. రానురాను అర్జీ సంగతి ఆయన మరిచిపోయినాడు. ఆఫీసు ఎప్పుడో మరిచిపోయింది.

కొన్నేండ్లు పోయినాయి. కానుగ సబ్బుకు చింతామణిలో పేరు వచ్చింది. గౌరిబిదనూరులో రైలుకు దగ్గర్లో బట్టీ పెట్టుకున్న ఒకాయన కూడా అట్లాంటి సబ్బే చేసి అమ్మేవాడు. ఆయన తొట్లూ పెట్టలేదు, ఇసుకా వేయలేదు, నీళ్ళను ఎత్తి అట్లే కాలవలోకి గుమ్మరించేవాడు. అంగడి వాళ్ళు, "ఆయప్ప తక్కువకిస్తాండాడు, నువ్వెందుకు ఇవ్వవు?" అని అడిగినప్పుడల్లా రామాంజినప్పకు కడుపు మండేది. నేను ఇంత శుభ్రంగా చేస్తాండాను, నాకేం దక్కింది అనుకునేవాడు. ఆ అనుకోవడంలో సిమెంటు గుంత ఇంకా వెనక్కు పోయింది.

ఒక ఏడు వానలు మొండికేసినాయి. బావుల్లో నీళ్ళు అడుక్కు పోయినాయి. హనుమక్క బావిలో నీళ్ళు ఉండాయి గానీ రుచి మారింది. పప్పు పొద్దు ఎక్కినా బిరుసుగానే ఉంటాందని ఆడవాళ్ళు గొణిగినారు. కరువు కదా, అన్ని బావులూ అంతే అని సరిపెట్టుకున్నారు. హనుమక్క మాత్రం, "నా బావి అట్లాంటిది కాదే, ఎందుకు కోపమొచ్చిందో దానికి" అంటా రోజూ చేదలో నీళ్ళు తీసి, వాసన చూసి, బయట పారబోసి, మళ్ళీ తీసేది.

అదే ఏడు ఇంకొక రచ్చ మొదలైంది. వీధి ఆడవాళ్ళు సబ్బు కడ్డీలు తెచ్చి కొట్టం ముందర పెట్టినారు.

"ఇదేం సబ్బు రామాంజన్నా? రుద్ది రుద్ది నా చెయ్యి అరిగింది గానీ నురుగు లేదు" అనింది మునిలక్ష్మమ్మ. ఆమె ఎదురింటి పాపన్న పెండ్లాం. "తెల్లబట్టకు పెరుగు అంటినట్లు అంటుకుంటాంది. నూనెలో మోసం చేస్తాండావా ఏమి?"

రామాంజినప్పకు తల కొట్టేసినట్లయింది. ఆయనకు నురుగు అంటే పరువు. నూనె మార్చినాడు. కొంచెం కొబ్బరి నూనె కలిపినాడు. సోడా తగ్గించినాడు, పెంచినాడు. ప్రతి గంగాళాన్నీ నాలుకకు పెట్టి చూసినాడు. సబ్బులో తప్పు లేదు. చింతామణి అంగళ్ళ నుంచి ఒక్క మాటా రాలేదు. చేసిన ఊళ్ళోనే సబ్బు మొండికేసింది. రామలక్ష్మమ్మ, "ఎవురిదో దిష్టి" అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది.

అప్పుడు హనుమక్క దిబ్బూరహళ్ళికి పోయింది, తమ్ముడి కూతురు పట్టుపురుగుల ఇల్లు కొత్తగా కట్టుకునిందంటే చూసేదానికి. వచ్చినాక బస్సు దిగి ఇంటికి పోలేదు. సంచీ చేతిలో ఉండంగానే నేరుగా కొట్టంలోకి వచ్చింది.

"రామాంజీ! నీ సబ్బుకు నేనంటే పడదా?"

"ఏమైంది అక్కా?"

"దిబ్బూరహళ్ళిలో వాళ్ళ బావి కాడ నీ కడ్డీ తీసి చీర ఉతికితిని. నురుగు చూడాల నువ్వు! వాళ్ళ కోడలు పాలు పొంగినాయా అని పరిగెత్తుకొచ్చింది. అదే కడ్డీ, ఇదో సంచీలో ఉండాది. ఇక్కడికొస్తే మూతి ముడుచుకుంటాది. ఎందుకు? చెప్పు. చెప్పేదాకా నేను కాళ్ళు కడగను."

రామాంజినప్ప ఆ కడ్డీ చేతిలోకి తీసుకున్నాడు. రెండు తప్పేలాలు తీసుకున్నాడు. ఒకదాంట్లో హనుమక్క బావి నీళ్ళు. ఇంకొకదాని కోసం ఊరికి ఎగువన, గుట్ట పక్కనుండే చేని బావి దాకా పోయి నీళ్ళు తెచ్చినాడు. హనుమక్క కదలకుండా కాచుకుని ఉండింది. ఒకే గుడ్డను రెండు ముక్కలుగా చించి, ఒకే కడ్డీ రుద్ది, రెండింట్లో ముంచినాడు. చేని నీళ్ళలో నురుగు తెల్లగా పొంగింది. హనుమక్క బావి నీళ్ళలో విరిగిన పాలు తేలినట్లు తెల్లటి పలుకులు తేలినాయి.

విరిగిన పాలు. గంగాళంలో ఉప్పు చల్లినప్పుడు రోజూ చూసేదే ఆయన.

లేచి మూడో తొట్టి కాడికి పోయినాడు. దాంట్లో తేట నీళ్ళు ఆకాశాన్ని చూపిస్తా కదలకుండా ఉండాయి. ఇన్నేండ్లలో కంటికి చూపించినాడు, ముక్కుకు చూపించినాడు, వచ్చిన ప్రతి అధికారికీ చూపించినాడు. నాలుకకు చూపించలేదు. సబ్బును చూడాలని నేర్చుకున్నాడు గానీ, పారబోసే నీళ్ళను ఎవురు నోట్లో పెట్టుకుంటారు? వేలు ముంచి నాలుక కొనకు తాకించినాడు. తాకీ తాకకముందే తుపుక్కున ఉమ్మేసినాడు. సముద్రం మాదిరి ఉప్పు. దాని వెనకాలే చురుక్కుమని సోడా.

"ఏముండాది దాంట్లో?" అనింది హనుమక్క.

ఆయన వేలు పంచెకు తుడుచుకున్నాడు. కరువు అని ఊరంతా ఒప్పుకున్న మాట ఒకటి సిద్ధంగా ఉండాది. నీళ్ళు అడుక్కు పోయినాయి అక్కా, అందుకే గట్టిబడినాయి అంటే నమ్ముతుంది. బట్టీ నిలబడుతుంది. చింతామణి అంగళ్ళు నిలబడతాయి. వానలొస్తే బావి నిండుతుంది, ఉప్పు పలచబడుతుంది, ఈ సంగతి ఎవరికీ తెలియకుండానే పోతుంది. అయితే ఎదురుగా నిలబడిన మనిషి తాళం చెవి ఇచ్చిన మనిషి, కాళ్ళు కడుక్కోకుండా కారణం కోసం కాచుకున్న మనిషి.

"నేను అక్కా" అన్నాడు. "నీ బావిని చెడగొట్టింది నేను. నేను చల్లిన ఉప్పంతా ఈ తేటలో కరిగి మోరీకి పోతాంది. మోరీలో నుంచి ఇంకి నీ బావిలోకి దిగుతాంది. సబ్బు సరిగానే ఉండాది. నీళ్ళే సరిగా లేవు."

హనుమక్క సంచీ కింద పెట్టి, కొట్టం గడపలోనే కూర్చునింది.

"మా మామ తవ్వించిన బావి అది" అనింది. "రాయి పగలక, మనుషులు పారిపోతే, తానే దిగి గునపం పట్టినాడంట. ... సర్లే. ఒకటి చెప్పు నాకు. ఊరవతల గుంత కట్టమని ఆ ఇన్‌స్పెక్టరప్ప చెప్పినాడా లేదా?"

"చెప్పినాడు."

"నువ్వు దొంగవి కాదు. సోమరివి కాదు. మరి ఎందుకు కట్టలేదు?"

"సిమెంటు రాలేదక్కా."

"సిమెంటు రాకపోతే మట్టితో కట్టకూడదా? రాతితో కట్టకూడదా? రాతి తొట్లు తెప్పించినావే వరసగా, దానికి పర్మిటు అడిగినారా?"

రామాంజినప్ప తొట్ల వైపు చూసినాడు.

"గౌరిబిదనూరు ఆయప్ప కట్టలేదు కదక్కా. నేనొక్కడే కడితే..."

"ఆయప్ప బావి కాడ నేను నీళ్ళు తోడుకుంటాండానా? ఆయప్ప మాట నాకెందుకు. నీ మాట చెప్పు."

ఆయన తల వంచుకుని ఆలోచించినాడు. తప్పించుకునేదానికి కాదు. ఆయమ్మ అడిగే తీరే అట్లాంటిది, మనిషి తనను తానే తవ్వుకుని చూసుకోవాల్సి వస్తుంది.

"నిజం చెప్పేదా? గుంత ఎందుకో నాకు తెలియదు అక్కా. కంపుకూ దోమకూ అని చెప్పినారు. కంపు పోయింది, దోమ రాలేదు. ఇంక గుంత ఎందుకు అనుకుంటిని. చెప్పినదానికన్నా మేలుగానే చేసినానని మురిసిపోతిని. అధికారి మెచ్చుకుంటే ఇంక నన్ను నేను ఏమీ అడగలేదు. బావికి దూరంగా అనే మాట కూడా చెప్పినాడు ఆయన. ఆ మాట నా చెవిలో పడింది గానీ, కంపు బావి కాడికి రాకూడదని చెప్తాండాడు అనుకుంటిని."

"కంటికి తేటగా కనబడితే మంచివి అనుకుంటివి."

"అందరమూ అనుకుంటిమి కదక్కా."

"అవును" అనింది హనుమక్క. "నేను కూడా రోజూ వాసన చూస్తిని. నా బావిలో ఏముండాదని చూస్తినే గానీ, నీ తొట్టిలో ఏముండాదని అడగలేదు. అన్నీ అడుగుతాను, అది అడగలేదు." లేచి నిలబడింది. "నువ్వు చెప్పినావు కాబట్టి తిట్టడం లేదు. చెప్పకుండా నాకు తెలిసి ఉంటే, నీ గంగాళంలో నిన్నే ఉడికించేదాన్ని. ఇప్పుడు పొయ్యి ఆర్పు."

రామాంజినప్ప పొయ్యి ఆర్పినాడు.

సంగతి సాయంత్రానికి వీధంతా పాకింది. మునిలక్ష్మమ్మ శాపనార్థాలు పెట్టింది. పాపన్న మాత్రం, "నా బండి కట్టిస్తాను, ఎగువ బావి నుంచి ఆడవాళ్ళకు నీళ్ళు తెద్దాం. గుర్రానికి గడ్డి రామాంజీ వేయాల" అన్నాడు. వేస్తానన్నాడు రామాంజినప్ప. రోజూ పొద్దున బిందెలు బండిలోకి ఎక్కించేదీ ఆయనే, ఇంటింటికీ దించేదీ ఆయనే. కొందరు ఆయన చేతి నీళ్ళు తీసుకోకుండా బిందె వెనక్కు లాక్కున్నారు. అట్లాంటి ఇండ్ల ముందు బిందె గడప పక్కన పెట్టి, తలుపు తట్టకుండా వచ్చేసేవాడు.

బట్టీ మళ్ళీ మొదలు కావాలంటే నీళ్ళకు దారి చూపించాల. ఊరికి దిగువన, చేలూ బావులూ లేని చోట, ఏనుగు పడుకున్నట్లు ఒక పెద్ద బండ ఉండాది. దాని మీద గడ్డి కూడా మొలవదు. నీళ్ళను దాని మీద గుంతల్లో పోసి ఎండబెడితే ఉప్పు రాతి మీదే మిగులుతుంది, నేలలోకి పోదని రామాంజినప్పకు తోచింది. చోటు కోసం పంచాయితీకి ఈసారి ఒక్కడే పోలేదు. హనుమక్క కూడా పోయింది.

"అర్జీ పెట్టుకోమ్మా, చూస్తాం" అన్నాడు పంచాయితీ మెంబరు.

"సద్యానికి చూస్తావా, నిజంగా చూస్తావా?" అనింది హనుమక్క. "నువ్వు చూసే లోపల నీ బావిలో కూడా పప్పు ఉడకదు. మోరీ నీ వీధి పక్కకే పోతాంది, తెలుసునా?"

మెంబరు ఆ మధ్యాన్నమే బండ కాడికి వచ్చి, ఈ మేర వాడుకోమని చేయి చూపించినాడు.

దాంతో పని రెట్టింపయింది. గంగాళం కింద నీళ్ళను కావడితో మోసుకుపోవాల. మబ్బు పడితే బట్టీ పెట్టకూడదు, వానకు కడుక్కుపోతుంది కాబట్టి. వానాకాలమంతా పొయ్యి చల్లగా ఉండిపోయేది. ఆ నెలల్లో చింతామణి అంగళ్ళు గౌరిబిదనూరు సబ్బుకు మారిపోయినాయి. రామలక్ష్మమ్మ ఒకసారి, "ఆయప్ప కాలవలో పోసి హాయిగా ఉండాడు, మనమే ఈ బండ చుట్టూ తిరిగేది" అనింది. రామాంజినప్ప కావడి దించి, "ఆయప్పను ఎవరూ అడగలేదే, నన్ను అడిగినారు" అన్నాడు. ఆమె రెండో బిందె తాను ఎత్తుకునింది.

తిమ్మరాయప్ప వచ్చినప్పుడు ఖాళీ తొట్లు చూసి బిత్తరపోయినాడు. రామాంజినప్ప జరిగిందంతా చెప్పినాడు. ఇన్‌స్పెక్టరు సైకిలు ఖాళీ తొట్టికి ఆనించినాడు.

"మాకు దోమ నేర్పించినారప్పా, వాసన నేర్పించినారు" అన్నాడు. "ఉప్పు నేర్పించలేదు. తేటగా ఉండాదని నేనే కదా అందరికీ చూపించింది." "నా మీద కోపం లేదు కదా?" అన్నాడు.

"మీ మీద ఏం కోపం సార్. మీరు పురుగును వెతికినారు. అది లేదు. నిజమే చెప్పినారు."

ఆ సారి తిమ్మరాయప్ప మోరీని చూడలేదు. వీధిలో ఒక్కో బావి కాడికీ పోయి, నీళ్ళు అడిగి తాగి చూసినాడు.

మరుసటి ఏడు వానలు బాగా పడినాయి. హనుమక్క బావి నిండింది. నిండిన నీళ్ళు కూడా ఉప్పగానే ఉండాయి. ఇంకిన ఉప్పు మట్టిలో ఉండాది, వాన దాన్ని మళ్ళీ బావిలోకే తెస్తాంది. నీళ్ళు తోడి పారబోసి, ఊట కొత్తగా ఊరేటట్లు చేస్తే తప్ప దారి లేదని ఊళ్ళో బావులు తవ్వేవాళ్ళు చెప్పినారు. ఒకసారి చేస్తే చాలదు, ఎన్నిసార్లో చెప్పలేమన్నారు.

ఎండలు మొదలైనాక, నీళ్ళు తక్కువున్నప్పుడు, వీధి వీధంతా బావి కాడ చేరింది. మోకులు కట్టినారు. పాపన్న గుర్రాన్ని గిలక తాడుకు పూన్చినాడు. మొగవాళ్ళు వంతులు వేసుకుని తోడి, బండి మీద పీపాలకు పోసి, దిగువ బండ కాడికి పంపినారు. అడుగు కనబడినాక పూడిక తీసేదానికి ఒకరు దిగాల. రామాంజినప్ప పంచె ఎగగట్టి, ఎవరూ అడగకముందే మోకు పట్టుకున్నాడు.

"నీకు ఈ పని అలవాటు లేదు, ఊపిరాడదు" అన్నారు పైనుంచి.

"ఆడినంతసేపు చేస్తాను" అన్నాడు.

లోపల చల్లగా, చీకటిగా ఉండాది. కాళ్ళ కింద బురద మోకాలి లోతు. గంపలకు ఎత్తి ఎత్తి పంపినాడు. హనుమక్క మామ గునపం దెబ్బలు రాతి మీద ఇంకా తెలుస్తానే ఉండాయి. వాటిని చేత్తో తడిమి చూసినాడు. మధ్యాన్నం పొద్దు వాలేటప్పటికి బురద అయిపోయి రాయి తగిలింది. రాతి సందులో నుంచి సన్నగా ఊట మొదలైంది. పైన వాళ్ళు అరుపులు పెట్టినారు. ఆయన చెంబును మోకుకు కట్టి, ఆ ఊట కిందనే పెట్టి నింపి, పైకి లాగమన్నాడు.

హనుమక్క చెంబు అందుకునింది. వీధి అంతా ఆయమ్మ మొహం వైపే చూస్తాంది. ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు పుక్కిట పట్టి మింగింది.

"అక్కా?" అన్నాడు రామాంజినప్ప కింద నుంచి. బురద పూసుకున్న మొహం పైకెత్తి చూస్తాండాడు. "ఎట్లుండాయి?"

హనుమక్క బావి గట్టు మీదికి వంగింది.

"ఇంకా ఉండాది నీ ఉప్పు" అనింది. "పోయిన ఏటి కన్నా తక్కువ. నువ్వు పైకి రా, వచ్చి గంజి తాగు. రేపు మళ్ళీ తోడదాం."